జంగు పట్టని చాకు కొనాలా? ముందు మీ జేబుని అడగండి

"అన్నా, జంగు పట్టని మడత చాకు ఒకటి చెప్పు. రోజూ జేబుల పెట్టుకుంట. రెండు వేల లోపల్నే ఉండాలె."

ఈ వారం ఇన్‌బాక్స్‌లో పడ్డ ప్రశ్న ఇది. అడిగిన తమ్ముడిది తాండూరు, బండల పాలిషింగ్ యూనిట్లో పని. జంగు అంటే తుప్పు. మా వైపు అట్లనే అంటారు. ఒక లింక్ పంపేసి "ఇది కొను" అంటే అయిపోయేదే. కానీ రెండు వేలంటే అతనికి మూడు నాలుగు రోజుల కూలి. లింక్‌లో మెరిసిన చాకు రెండో వానకే ఎర్రబడితే ఆ డబ్బు ఎవరిస్తారు? అందుకే నేను ఒక ఎదురు ప్రశ్న వేశాను: "రోజంతా దాంతో ఏం చేస్తావ్?"

జవాబు వచ్చింది. ప్యాకింగ్ పట్టీలు కోస్తాడు. సుతిలి కోస్తాడు. కరెంటు వైరు ఒలుస్తాడు. మధ్యాహ్నం మామిడికాయో జామకాయో కోసుకుని ఉప్పు కారం అద్దుకుంటాడు. మిగతా టైమంతా చాకు జీన్స్ ప్యాంటు జేబులో, చెమటలో.

ఈ కాలమ్‌లో చెప్పాలనుకున్నదంతా ఆ జవాబులోనే ఉంది. 'అసలు తుప్పే పట్టని చాకు' అంటూ ఒకటి వెతకడం కంటే, మన రోజు ఏ తడిలో గడుస్తుందో చూసుకుని దానికి తట్టుకునే చాకు వెతుక్కోవడం మేలు.

మన దగ్గర చాకుకి పగవాళ్లు

మాది తాండూరే. పని మీద వికారాబాద్‌కి రైల్లో పోయొస్తుంటాను. ఈ రెండు ఊళ్ల మధ్య చాకుని పాడుచేసేవి నాలుగున్నాయి.

మొదటిది చెమట. ఏప్రిల్, మే నెలల్లో తాండూరు ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. చెమటలో ఉప్పు ఉంటుంది. ఉప్పులోని క్లోరైడ్‌కి స్టెయిన్‌లెస్ స్టీలుని కూడా సూది మొనంత గుంటలుగా తినే గుణం ఉంది. జేబు గుడ్డ ఆ తడిని పట్టుకుని రోజంతా చాకుకి అద్దుతూనే ఉంటుంది.

రెండోది పులుపు. నిమ్మకాయ, పచ్చి మామిడికాయ, టమాటా. కోసి తుడవకుండా మడిచేస్తే ఆ రసం లోపలే ఉండిపోతుంది.

మూడోది వాన. అనంతగిరి గుట్టల్లో జులై, ఆగస్టు నెలల్లో ట్రెక్కింగ్‌కి పోయినవాళ్లకి తెలుసు, అక్కడ బ్యాగులో ఉన్న బట్టలు కూడా తడిసినట్టే ఉంటాయి. కోట్‌పల్లి రిజర్వాయర్‌లో కయాకింగ్ చేసేవాళ్లకైతే నీళ్లు నేరుగా జేబులోకే వస్తాయి.

నాలుగోది రాతిపొడి. ఇక్కడ చాలామంది పొరబడతారు. తాండూరు బండ సున్నపురాయి. దాని పొడి పులుపు జాతి కాదు, తనంతట తానుగా ఉక్కుని తినదు. కానీ నీళ్లతో కలిసి బురదై జాయింటులోకి దూరుతుంది. అక్కడ గట్టిపడి తడిని పట్టుకుని కూర్చుంటుంది. చాకు తెరిచిన ప్రతిసారీ లోపల ఇసుక కాగితంలా గీకుతుంది. కాబట్టి బండల పనిలో ఉన్నవాళ్లకి బ్లేడు ఎంత ముఖ్యమో, విప్పి కడుక్కోగలిగే జాయింటు కూడా అంతే ముఖ్యం.

పన్నెండు మంది సార్లు, ఐదుగురు డిప్యుటేషన్

ఉక్కు అంటే ఇనుము, కాస్త కార్బన్. కార్బన్ వల్ల గట్టిదనం వస్తుంది, పదును నిలుస్తుంది. ఈ విద్యలో తెలంగాణకి పాత పేరుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు ముద్దల్ని పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. డమాస్కస్ కత్తులుగా లోకానికి తెలిసినవాటికి ఈ జాతి ఉక్కే మూలం. అందులో కార్బన్ ఒక శాతానికి పైనే ఉండేది. పదును అద్భుతం. తుప్పు మాత్రం దానికీ పట్టేది. ఎందుకంటే అందులో క్రోమియం లేదు.

క్రోమియం కథ 1913లో వచ్చింది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ అనే ఆయన తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోని ఉక్కు కోసం వెతుకుతూ, క్రోమియం కలిపిన ఉక్కు తుప్పుని తట్టుకుంటోందని గుర్తించాడు. షెఫీల్డ్ అప్పటికే కత్తులు, చాకుల ఊరు. ఇంకేముంది, నేరుగా భోజనాల బల్ల మీదికి వచ్చేసింది.

ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే దాన్ని స్టెయిన్‌లెస్ అంటారు. గాలి తగలగానే క్రోమియం ఉక్కు పైన కంటికి కనిపించని సన్నటి పొర కడుతుంది. గీత పడినా మళ్లీ గాలి తగిలితే పొర తనే కట్టుకుంటుంది. తుప్పుకి అదే అడ్డు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. కార్బన్ ఎక్కువైతే అది క్రోమియాన్ని పట్టుకుని కార్బైడ్ అనే గట్టి రేణువులుగా మార్చేస్తుంది. అట్లా ఇరుక్కున్న క్రోమియం పొర కట్టడానికి పనికిరాదు. మన ఊరి బడి లెక్క అనుకోండి. రిజిస్టర్‌లో పన్నెండు మంది సార్లు ఉన్నారు, ఐదుగురు డిప్యుటేషన్ మీద వేరే చోట ఉన్నారు. పాఠం చెప్పేది ఏడుగురే కదా! చాకు డబ్బా మీద రాసే క్రోమియం శాతం రిజిస్టర్ లెక్క. తుప్పుని ఆపేది డ్యూటీలో ఉన్న క్రోమియం.

ఆన్‌లైన్‌లో తెగ కనిపించే 'డి2' ఉక్కు దీనికి మంచి ఉదాహరణ. క్రోమియం దాదాపు 12 శాతం, కార్బన్ ఒకటిన్నర శాతం. పదును చాలా రోజులు నిలుస్తుంది. కానీ క్రోమియంలో చాలా భాగం కార్బైడ్లలో చిక్కుకుపోవడం వల్ల దాన్ని పూర్తి స్టెయిన్‌లెస్ అనరు. చెమట జేబుకి అది సరైన జోడీ కాదు.

అయస్కాంతం నమ్మొద్దు

స్టీలు సామాన్ల షాపుకి పోతే అమ్మ చేసే మొదటి పని గిన్నెకి అయస్కాంతం పెట్టి చూడటం. అంటుకోకపోతే మంచి స్టీలు అంటుంది. గిన్నెల విషయంలో ఆ లెక్క చాలావరకు పనిచేస్తుంది. చాకు విషయంలో పనిచేయదు.

గిన్నెలకి వాడే 304 రకం స్టీలు అయస్కాంతానికి పెద్దగా అంటుకోదు. కానీ దాన్ని కాల్చి చల్లార్చి గట్టిపరచలేం, కాబట్టి పదును నిలవదు. చాకుకి గట్టిపడే రకం స్టెయిన్‌లెస్ కావాలి. ఆ రకం అయస్కాంతానికి అంటుకుంటుంది. మంచి చాకు అయస్కాంతానికి 'టక్' మని అతుక్కుంటే కంగారు పడకండి.

మూడు చాకులు, ఒక మామిడికాయ

మాటలెందుకని ఒక వానాకాలం ఇంట్లో ఉన్న మూడు చాకుల్ని పరీక్ష పెట్టాను. ఒకటి మామూలు కార్బన్ ఉక్కు, ఒకటి డి2, ఒకటి చవక స్టెయిన్‌లెస్. మూడింటితో పుల్లటి మామిడికాయ కోసి, తుడవకుండా సాయంత్రం దాకా కిటికీలో పెట్టాను.

కార్బన్ ఉక్కు గంటలోనే నీలం, నలుపు మచ్చలు తేలింది. సాయంత్రానికి అంచు దగ్గర నారింజ రంగు తుప్పు. డి2 మీద అక్కడక్కడ మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు. చవక స్టెయిన్‌లెస్ బ్లేడు మాత్రం తుడిస్తే అద్దంలా ఉంది.

గెలిచింది అనుకున్నాను. తర్వాత దాన్ని పది రోజులు జేబులో తిప్పాను. బ్లేడుకి ఏమీ కాలేదు. కానీ క్లిప్పు స్క్రూలు ఎర్రబడ్డాయి, జాయింటు దగ్గర తెరిస్తే గోధుమ రంగు నీళ్లు! బ్లేడు స్టెయిన్‌లెస్సే, స్క్రూలు, లోపలి స్ప్రింగు కాదు. పైగా జాయింటు సందులో నిలిచిన నీళ్లకి గాలి తగలదు. గాలి తగలకపోతే ఆ క్రోమియం పొర మళ్లీ కట్టుకోదు. అందుకే మంచి స్టీలైనా తుప్పు మొదట సందుల్లోనే మొదలవుతుంది. కొనేటప్పుడు బ్లేడు చూడటం కంటే ముందు చాకుని తిప్పి స్క్రూలు, క్లిప్పు, లోపలి పలకలు చూడాలన్నది నాకు ఈ పరీక్షలో దొరికిన పాఠం.

మరి ఏ ఉక్కు?

పేర్లు చూసి బెదరక్కర్లేదు. మూడు మెట్లుగా గుర్తుపెట్టుకోండి.

కింది మెట్టు: 420 రకం. కార్బన్ తక్కువ, క్రోమియం 12 నుంచి 14 శాతం. తుప్పు సులువుగా పట్టదు. పదును త్వరగా పోతుంది, కానీ రెండు నిమిషాలు రాయి మీద రుద్దితే మళ్లీ వస్తుంది. పండ్లు, సుతిలి, కవర్లు కోయడానికి చాలు.

మధ్య మెట్టు: 8సీఆర్13ఎంఓవీ, 440సీ, 14సీ28ఎన్. పదునుకీ తుప్పుకీ మధ్య రాజీ కుదిరిన రకాలు. వీటిలో చెమట జేబుకి నేను ఓటు వేసేది 14సీ28ఎన్‌కి. స్వీడన్ ఉక్కు. కార్బన్ 0.62 శాతం, క్రోమియం 14 శాతం, చివర్లో ఉన్న 'ఎన్' అంటే నైట్రోజన్. కార్బన్ చేసే పనిలో కొంత నైట్రోజన్ చేస్తుంది, పైగా క్రోమియాన్ని అంతగా డిప్యుటేషన్‌కి పంపదు.

పై మెట్టు: హెచ్1, ఎల్‌సీ200ఎన్. సముద్రంలో పనిచేసేవాళ్ల కోసం చేసే చాకుల్లో వాడతారు. ఉప్పునీళ్లలో ముంచినా దాదాపు ఏమీ కాదు. ధర మాత్రం మన బడ్జెట్‌కి చాలా దూరం. పైగా హెచ్1 మామూలు అంచుతో ఉంటే పదును త్వరగా తగ్గుతుంది. సముద్రం లేని వికారాబాద్ జిల్లాలో దీని కోసం అప్పు చేయాల్సిన పని లేదు.

డబ్బా మీద 'స్టెయిన్‌లెస్ స్టీల్' అని మాత్రమే ఉండి ఏ రకమో రాయకపోతే, దాన్ని కింది మెట్టుగానే లెక్కేసి ఆ ధరే పెట్టండి. నల్లటి కోటింగ్ చూసి మోసపోవద్దు. కోటింగ్ పక్కలని కాపాడుతుంది కానీ, సానబెట్టిన అంచు మీద కోటింగ్ ఉండదు. కోసేది ఆ అంచే. గరుకు ఫినిషింగ్ కంటే నున్నటి ఫినిషింగ్ మీద తడి తక్కువ నిలుస్తుంది.

జాయింటు, లాకు, పిడి

లోకంలో బాగా తెలిసిన రెండు మడత చాకులు చూడండి. స్విస్ చాకు విక్టోరినాక్స్‌ని కార్ల్ ఎల్సెనర్ 1884లో మొదలుపెట్టాడు. ఆ పేరులోని 'ఇనాక్స్' అంటే ఫ్రెంచిలో తుప్పు పట్టనిది అనే. వాళ్ల చిన్న చాకుల్లో చాలావాటికి లాకు ఉండదు, వెనక స్ప్రింగు బిగువుతోనే బ్లేడు నిలబడుతుంది. ఫ్రాన్సు చాకు ఒపినెల్ 1890 నాటిది. చెక్క పిడి, 1955లో వచ్చిన తిరిగే రింగు లాకు. అందులో కార్బన్ రకం, ఇనాక్స్ రకం రెండూ ఉంటాయి. కొంటే ఇనాక్స్ రాసున్నదే కొనాలి. అయినా ఆ చెక్క పిడి బాగా తడిస్తే ఉబ్బి, బ్లేడు తెరుచుకోక సతాయిస్తుంది. తడి పనికి ప్లాస్టిక్, నైలాన్ లేదా జీ10 పిడి సుఖం.

లాకు లేని చాకుతో పొడవకూడదు, మొనతో తవ్వకూడదు. వేళ్ల మీదికి మడుచుకుంటుంది. ఒత్తిడి పెట్టే పని ఉంటే లాకున్నది తీసుకోండి. షాపులోనే తెరిచి, వేళ్లు దారిలో లేకుండా పట్టుకుని, బ్లేడు వీపు మీద మెల్లగా నొక్కి చూడండి. కదిలితే పక్కన పెట్టేయండి. రాతిపొడి ఎక్కిన లాకు సగమే పడుతుంది. వేళ్లు పోయేది అట్లాంటప్పుడే.

జాయింటులో బాల్ బేరింగ్ ఉన్న చాకు 'సర్రు'న తెరుచుకుంటుంది, రీల్స్‌లో బాగుంటుంది. పొడిలో పనిచేసేవాళ్లకి మాత్రం ఇత్తడి, కంచు, నైలాన్ వాషర్లున్నదే మేలు. దుమ్ము పడితే కడిగేయొచ్చు, తుప్పుకి దొరకదు.

మొత్తం కలిపితే తమ్ముడికి నేను పంపిన జవాబు ఇది: బ్లేడు మూడు అంగుళాల లోపు, మధ్య మెట్టు స్టెయిన్‌లెస్, దొరికితే 14సీ28ఎన్, నైలాన్ పిడి, మామూలు లాకు, వాషర్ల జాయింటు, స్క్రూలు విప్పుకునేటట్టు ఉండాలి. ఇవన్నీ బడ్జెట్‌లో కుదరకపోతే స్టీలులో ఒక మెట్టు దిగు, జాయింటులో దిగొద్దు.

బటన్ చాకు జోలికి పోవద్దు

ఇప్పుడు అసలు సంగతి. ఇదే ప్రశ్నతో వచ్చిన ఇంకో రెండు మెసేజ్‌లలో స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. బటన్ నొక్కితే బయటికి దూకే చాకులు. పుర్రె బొమ్మలు. దానికింద 'సేఫ్టీ కోసం' అని రాశారు.

తమ్ముళ్లూ, సేఫ్టీ కోసం అయితే చాకు కొనకండి. గొడవలో చాకు బయటికి తీస్తే గొడవ ఆగదు, కేసు పెద్దదవుతుంది. అవతలివాడికి తగిలినా మీకు తగిలినా ఆ సాయంత్రం ఇంటికి పోయేది పోలీసు జీపే.

చట్టం ఏం చెబుతుందో తెలుసుకోండి. ఆయుధాల చట్టం 1959లోది, దాని ప్రస్తుత నియమాలు 2016వి. బ్లేడు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకి చేసినవాటికి మినహాయింపు ఉంది. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ఒకటి బటన్ చాకులు, స్ప్రింగు చాకుల్ని ప్రత్యేకంగా పేర్కొంది. అక్కడ కొలత 7.62 సెంటీమీటర్లే, అంటే మూడు అంగుళాలు. ఎన్నికలు, ఊరేగింపుల టైములో పోలీసులు విడిగా నిషేధ ఉత్తర్వులు ఇస్తుంటారు. అప్పుడు చిన్న చాకు కూడా ఇంట్లోనే ఉండాలి.

శంషాబాద్‌లో విమానం ఎక్కుతుంటే చాకు చేతి బ్యాగులో వద్దు, చెక్-ఇన్ లగేజీలో పెట్టాలి. హైదరాబాద్ మెట్రో ఎక్కే రోజు, పరీక్ష రాసే రోజు, గుడికి, జాతరకి పోయే రోజు అసలు తీసుకుపోవద్దు.

కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. కానిస్టేబుల్ ఆపి "ఇదెందుకు?" అంటే సూటిగా జవాబు చెప్పగలనా? "యూనిట్లో పట్టీలు కోస్తా సార్" అనగలిగితే అది పనిముట్టు. తడబడితే అది మీ జేబులో ఉండాల్సింది కాదు.

రెండు నిమిషాల పని

ఎంత మంచి స్టీలైనా, దాన్ని చూసుకునే చేతిని బట్టే బతుకుతుంది. రోజూ ఇంటికి రాగానే చాకు తెరిచి మంచినీళ్లతో కడగండి, జాయింటులోకి నీళ్లు పోనివ్వండి. గుడ్డతో తుడిచి, తెరిచి పెట్టి ఆరనివ్వండి. తడిగా మడవొద్దు. వారానికోసారి జాయింటులో ఒక చుక్క కుట్టుమిషన్ నూనె. పండ్లు కోసే బ్లేడు మీద మాత్రం మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ సన్నగా పూయండి. వంట నూనె వద్దు, కొన్నాళ్లకి జిగురవుతుంది. తోలు పర్సులో దాచొద్దు, తోలు తడిని పట్టుకుంటుంది.

చుక్కలు కనిపిస్తే భయం లేదు. వంటసోడాలో నీళ్లు కలిపి ముద్దలా చేసి, స్క్రబ్బర్‌తో బ్లేడు పొడవునా మెల్లగా రుద్దితే పైపై తుప్పు పోతుంది. గుంటలు పడితే మాత్రం పోవు. కోసేటప్పుడు కింద చెక్కో అట్టముక్కో పెట్టండి, బండ మీద కోస్తే అంచు తిరిగిపోతుంది.

చివరగా ఒక ఆరోగ్య సంగతి. తుప్పు చాకు గీరుకుంటేనే ధనుర్వాతం వస్తుందని, మెరిసే చాకు అయితే రాదని చాలామంది నమ్మకం. ధనుర్వాతం తెచ్చేది తుప్పు కాదు, మట్టిలో, పేడలో ఉండే సూక్ష్మక్రిమి. మెరిసే బ్లేడు మీద మట్టి ఉన్నా ప్రమాదమే. చాకు గట్టిగా తెగితే సబ్బు నీళ్లతో కడిగి, దగ్గర్లోని ఆసుపత్రిలో టీటీ ఇంజెక్షన్ గురించి అడగండి. చాకు ఏ స్టీలుదని అక్కడ ఎవరూ అడగరు.

వచ్చే వారం టార్చి లైట్లు. అప్పటిదాకా జేబులో ఉన్నదాన్ని ఈ రాత్రి ఒకసారి తెరిచి, జాయింటులోకి చూడండి.